వానను ఆపే గుడ్డ వెలుగును ఆపదు

మా మనవరాలి కాలేజీలో కొందరు పిల్లలు చెక్కపెట్టెలతో సొంతంగా కెమెరాలు చేసుకుంటున్నారట. జేబులో ఫోను, ఆ ఫోనులో కెమెరా ఉండగా ఇదేం పని అని నేను అడగలేదు. కడుపు నిండినవాళ్లకు పనులకేం కొదవ. వాళ్లకొచ్చిన చిక్కు ఒకటే. ముందున్న లెన్సుకూ వెనకున్న ప్లేటుకూ మధ్య సాగుతూ ముడుచుకుంటూ ఉండే మడతల గొట్టానికి ఏ గుడ్డ వాడాలో తెలియడం లేదట. దాన్ని బెల్లోస్ అంటారు. కమ్మరి కొలిమి తిత్తిలా ఉంటుంది కాబట్టి జహీరాబాద్‌లో మా స్టూడియోలో తిత్తి అనేవాళ్లం. "మీ నానమ్మ కుట్టేదట కదా, రాసిమ్మని అడుగు" అన్నారట. నేను చదివింది మూడో తరగతి. మిగిలిన చదువంతా బట్టల మిషనే చెప్పింది. రాస్తున్నాను. తప్పులుంటే మీరు దిద్దుకోండి, కాలేజీకి వెళ్లేది అందుకే కదా.

పని ఇంతే

కెమెరా అంటే ముందొక కన్ను, వెనకొక ప్లేటు, మధ్యలో చీకటి. ఆ చీకటిని పట్టి ఉంచడమే తిత్తి పని. దగ్గరి మనిషిని తీయాలంటే సాగాలి, దూరంగా ఉన్న గుంపును తీయాలంటే ముడుచుకోవాలి. సాగినా ముడిచినా లోపలికి సూదిమొనంత వెలుగు కూడా దూరకూడదు. దూరితే ప్లేటు మీద ఆ చోటు నల్లబడుతుంది, కాగితం మీదికి వచ్చేసరికి అది తెల్లమచ్చ అవుతుంది.

కాబట్టి గుడ్డ వెలుగును ఆపాలి. చెప్పినట్టు మడత పడాలి. లోపలివైపు మెరవకూడదు. ఈ మూడు గుణాలూ ఉన్న గుడ్డ దొరకడం, మూడు మంచి గుణాలున్న ఆడబిడ్డ దొరికినంత కష్టం.

మా యజమాని

స్టూడియో మా బావది. అంటే మా ఆయనకు అన్న, పేరు సంగప్ప. చిరాగ్‌పల్లిలో పొలం ఉండేది. మట్టిలో దిగితే పాదాలు పగులుతున్నాయని ఊరు వదిలి బస్టాండు రోడ్డులో స్టూడియో పెట్టాడు. కెమెరాను పట్నంలో పాతది కొన్నాడు. ఎద్దును కొంటే నోరు తెరిపించి పళ్లు చూసే మనిషి, కెమెరా కొనేటప్పుడు మాత్రం ఇత్తడి మెరుపు చూసి మురిసిపోయాడు. తోలు తిత్తి మూలలన్నీ చీలి ఉన్న సంగతి ఇంటికొచ్చాక తెలిసింది.

ఫోటోలు తీసేది, ప్లేట్లు కడిగేది, ఆరబెట్టేది అన్నీ మా ఆయన వీరన్న. బావ గల్లా దగ్గర కూర్చునేవాడు, పెన్సిల్ పట్టి టచింగ్ చేసేవాడు. ముడతలు తీసేయడం, రెప్పలు దిద్దడం, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించడం ఆయన విద్య. అది నిజంగా గొప్ప విద్యే. ముసలివాళ్లు తమ ఫోటో చూసుకుని ఎవరీ పిల్లలని అడిగేవాళ్లు.

తిత్తి కుట్టే పని నాకు పడింది. ఇంట్లో మిషను ఉంది, నేను ఇంటి మనిషిని. ఇంటి మనిషి అన్న మాటకు అర్థం మీకు ఉద్యోగంలో చేరాక తెలుస్తుంది.

మఖ్మల్, రెగ్జిన్

గుడ్డ ఎంచేది కుట్టేవాళ్లు అనుకుంటారు మీరు. కాదు. ఎంచేది గల్లా దగ్గర కూర్చున్నవాళ్లు. బావ మొదట తెచ్చింది నల్ల మఖ్మల్.

"బావా, ఇది మడత పడదు. దూదిపరుపు లెక్క ఉబ్బుతది" అన్నాను.

"కస్టమర్‌కు కనబడేది గదే బసమ్మా. జర షాన్, జర దర్జా ఉండాలె."

"ఫోటో గూడ కనబడాలె గద."

"నువ్వు కుట్టు. షాన్ సంగతి నేను చూసుకుంట."

కుట్టాను. ముడిస్తే ముడుచుకోదు, సాగదీస్తే నడుమ బరువుకు కుంగుతుంది. ప్లేటు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి తిత్తి పైభాగం కుంగితే మనిషికి కాళ్లు పోతాయి. కొత్త బూట్లు కొనుక్కుని ఫోటోకు నిలబడిన పెళ్లికొడుక్కి మోకాళ్ల కింద అమావాస్య వచ్చింది. పైగా మఖ్మల్ నూగు రాలి ప్లేటు మీద పడింది. పెళ్లికూతురి మొహం మీద ఆవాలు చల్లినట్టయింది. షాన్ మాత్రం తగ్గలేదు.

తరువాత రెగ్జిన్. హైవే మీద లారీ సీట్లు కుట్టే దుకాణంలో మిగిలిన ముక్క తెచ్చాడు. వెలుగును ఆపడంలో దానికి వంక పెట్టలేను, గోడలా ఆపింది. మడతలో కూడా గోడే. లెన్సును ముందుకు జరిపితే స్ప్రింగులా వెనక్కి లాగేది. ఫోటోలు మసకగా వచ్చేవి. "ఊపిరి బిగవట్టుమంటే పట్టలె, నన్నేం చేయమంటరు" అని బావ కస్టమర్ల మీద పెట్టేవాడు. పాపం ఒక హెడ్‌మాస్టరు ఊపిరి బిగపట్టి బిగపట్టి కళ్లు తిరిగి కూర్చున్నాడు. ఎండాకాలం వచ్చేసరికి ఆ రెగ్జిన్ మడతలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీస్తే చీలింది.

మీకు చెప్పేది ఏమిటంటే, గుడ్డ మందంగా ఉంటే బలం అనుకోకండి. మందం వేరు, చిక్కదనం వేరు. మనుషుల్లోనూ అంతే.

గొడుగు గుడ్డ

ఒక వానాకాలం ఎవరో కస్టమర్ గల్లా మీద తడిసిన గొడుగు పెట్టాడు. బావ దానికేసి చాలాసేపు చూశాడు. లోకంలో నష్టాలన్నీ ఇలా మగవాళ్లు ఒక వస్తువుకేసి చాలాసేపు చూడడంతోనే మొదలవుతాయి.

"వాననే ఆపుతది. వెలుగెంత" అన్నాడు.

గొడుగు గుడ్డ మడత బాగా వింటుంది, తేలిక, కుట్టడానికి హాయి. ఒప్పుకుంటాను. కానీ దీపం ముందు పట్టి చూస్తే జల్లెడ. పట్టి చూపించాను. బావ చూశాడు కూడా.

"దీపం దగ్గర గట్లనే కొడ్తది. స్టూడియోల తిత్తికి దీపం ఎవడు పెడ్తడు?"

దీపం ఎవరూ పెట్టరు నిజమే. పడమటి కిటికీ ఉంది కదా, అందులోంచి సూర్యుడు పెడతాడు. పొద్దున తీసిన ఫోటోలు బాగానే వచ్చేవి. పొద్దు వాలి కిటికీలోంచి ఎండ తిన్నగా తిత్తి మీద పడే వేళకు, మడత నలిగిన మూలలోంచి వెలుగు దూరేది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఎడమ చెంప మీద తెల్లమచ్చ. బావ దాని మీద నల్లసిరా అద్ది ఇచ్చేవాడు. తప్పు మాత్రం మా ఆయనది. తిని కునుకు తీసి చీకటిగది తలుపు సరిగా వేయడం లేదని. మా ఆయన వెళ్లి ఆ తలుపు గొళ్లెం ఇంకోసారి చూసి వచ్చాడు. ఆయన సంవత్సరానికి మాట్లాడే మాటలు ఒక పోస్టుకార్డులో పడతాయి.

కోహీర్ అమ్మాయి

కోహీర్ నుంచి ఒక రైతు తన కూతురు సుమిత్రను ఫోటోకు తీసుకొచ్చాడు. మొగుడంపల్లిలో సంబంధం చూస్తున్నారు, అబ్బాయి తల్లి గౌరమ్మ ముందు ఫోటో పంపమంది. బస్సు ఆలస్యమై వాళ్లు వచ్చేసరికి పొద్దు వాలింది. ఆ రోజు బావకు ఎక్కడికో వెళ్లే తొందర. సిరా అద్దకుండానే ఇచ్చేశాడు.

"ఈ తెలుపేంది పటేలా?" అని ఆ తండ్రి అడిగాడు.

"అది లైటింగ్. పట్నంల ఇప్పుడు గిట్లనే తీస్తున్రు."

పట్నం పేరు చెబితే అప్పట్లో ఏదైనా చెల్లేది. కానీ మొగుడంపల్లిలో చెల్లలేదు. గౌరమ్మ ఫోటో చూసి, పిల్లకు బొల్లి ఉందని తిప్పి పంపింది. తిప్పి పంపి ఊరుకుంటే గౌరమ్మ ఎందుకవుతుంది. సంతలో చెప్పింది, పెళ్లిళ్లలో చెప్పింది. బీదర్ వైపు నుంచి రావలసిన ఇంకో సంబంధం దారిలోనే వెనక్కి తిరిగింది. ఇక ఆ పిల్ల ఏ ఊరికి వెళ్లినా ముందు చెంప చూస్తారు, తరువాతే పేరు అడుగుతారు.

తండ్రీ కూతురూ స్టూడియోకు మళ్లీ వచ్చిన రోజు నేను అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను.

"పటేలా, నా బిడ్డ మొహం చూడు. మచ్చ యాడుందో చెప్పు" అన్నాడు తండ్రి.

బావ కప్పు వైపు చూశాడు. "ఫోటో అబద్ధం చెప్పదు పెద్దమనిషీ. పౌడర్ ఎక్కువైందేమో."

"మా ఇంట్ల పౌడరే లేదు" అంది సుమిత్ర. "మీ స్టూడియోల ఉన్న డబ్బాలదే రాసిన్రు."

తండ్రి ఆమెను ఆపబోయాడు. ఆమె ఆగలేదు. "బొల్లి ఉంటే ఉందని చెప్పుకుందును. మా ఊరి పంతులమ్మకుంది, ఆమె దగ్గర్నే సదువుకున్న. అదేం అంటురోగం గాదు, దొంగతనం గాదు. కానీ లేనిదాన్ని ఉందనుడెందుకు?"

ఆ మాటకు జవాబు తిత్తి మూలలో ఉంది. నేను మా ఆయన వైపు చూశాను, మా ఆయన కిటికీ వైపు చూశాడు. ఆ రోజు మొదటిసారి గుడ్డ ఎంచే పని నేనే తీసుకున్నాను. బావను అడగలేదు. అడిగితే ఈసారి గోనెసంచి తెచ్చేవాడు.

అసలు గుడ్డ

బజారులో బట్టల సేటు దుకాణం తెరవగానే వెళ్లి నల్లగుడ్డ కావాలన్నాను.

"బోణీకి నల్లగుడ్డ చింపనమ్మా. జర కూసో. ఎవరన్న ఎర్రదో పసుపుదో కొననీ."

కూర్చున్నాను. ఒకామె ఎర్ర జాకెట్టు ముక్కకు బేరం మొదలుపెట్టింది. పెళ్లి సంబంధానికి కూడా అంత బేరం చేయరు. నాకు మాత్రం తీరిక దొరికింది, కొట్లోని నల్లగుడ్డలన్నీ చూశాను. ఎలా చూడాలో రాసుకోండి. పిడికిలి గొట్టంలా చుట్టి, దాని మీద గుడ్డ బిగించి, కన్ను ఆనించి తెల్లటి ఆకాశం వైపు చూడాలి. సూర్యుడి వైపు చూడకండి, తరువాత గుడ్డ ఎంచడానికి కళ్లు ఉండవు. చుక్కలు కనబడితే ఆ గుడ్డ వద్దు. తరువాత తడి రుమాలుతో రుద్దాలి. రంగు దిగితే జిగురు పెట్టినప్పుడు కూడా దిగుతుంది. సాటిన్ చిక్కగానే ఉంటుంది కానీ అద్దంలా మెరుస్తుంది. లోపల మెరిస్తే వెలుగు అటూ ఇటూ కొట్టి ఫోటో మొత్తం పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది.

చివరికి నిలిచింది బురఖాలకు వాడే గుడ్డ. సన్నం, చిక్కన, మెరుపు లేదు, ఎన్ని ఎండల్లో తిరిగినా రంగు పోదు. దాన్ని లోపలికి తీసుకున్నాను. పైకి నల్ల పాప్లిన్. ఒక పొరకు పోగులు నిలువుగా, రెండో పొరకు అడ్డంగా వచ్చేట్టు పెట్టాలి. అప్పుడు ఒకదాని సందు మీద ఇంకొకదాని పోగు పడుతుంది. ఇది చాలామంది మరిచిపోయేది. రెండూ ఒకే వైపు పెడితే రెండు పొరలున్నా ఒక పొరే.

మడతలు నిలబడడానికి మధ్యలో అట్టముక్కలు కావాలి. నేను పాత పెళ్లిపత్రికలు కత్తిరించాను. చాలా పెళ్లిళ్లలో చివరిదాకా బిగువు తగ్గనిది ఆ పత్రికే. ముక్కకూ ముక్కకూ మధ్య కొంచెం సందు వదలండి, లేకపోతే మడత పడదు. జిగురు మైదాపిండి ఉడికించిందే, కానీ అందులో కొద్దిగా మైలుతుత్తం కలపాలి. కలపకపోతే బొద్దింకలు తిత్తిని విందుభోజనం చేస్తాయి. మైలుతుత్తం విషం. పిల్లలకు అందనివ్వకండి, ఆ గిన్నెలో వండుకోకండి. జిగురు పూర్తిగా ఆరకముందే మడతలు పెట్టి, సన్నికల్లు బరువు పెట్టి నీడలో ఆరబెట్టండి.

పరీక్ష చీకటిలోనే. నేను జొన్నలు పోసే కిటికీ లేని గదిలో, తిత్తిలో బల్బు పెట్టి రెండు వైపులా మూసి చూశాను. గదిలోకి వెళ్లగానే ఏమీ కనబడలేదని సంబరపడకండి. కళ్లకు చీకటి అలవాటయ్యేదాకా ఓపిక పట్టండి. అప్పుడు మూలల్లో నక్షత్రాలు పుడతాయి. పుట్టినచోటల్లా లోపలినుంచి గుడ్డముక్క అతికించాను. గది మళ్లీ గదిలా చీకటయ్యాక బయటికి వచ్చాను.

మంచి టచింగ్ తెచ్చిన చిక్కు

కొత్త తిత్తితో సుమిత్రను అదే కుర్చీలో, అదే వేళకు మళ్లీ తీశారు. చెంప శుభ్రంగా వచ్చింది. మొగుడంపల్లికి పంపారు. గౌరమ్మ దగ్గర్నుంచి వచ్చిన కబురు తండ్రి మాటల్లోనే విన్నాం.

"సంగప్ప టచింగుల ముసలిదాన్ని పడుచుదాన్ని చేస్తడు, మచ్చ తీసుడు ఆయనకెంత అన్నదట."

బావకు ఆ మాట పొగడ్తలా వినిపించింది. మీసం సర్దుకున్నాడు.

సుమిత్ర నవ్వలేదు. "ఇగ నా ఫోటోలు సాలు. ఎన్ని తీసినా టచింగే అంటరు. ఆమెనే కూసోబెట్టుండ్రి. గదే కుర్సీ, గదే పొద్దు, పాత తిత్తి."

"అప్పుడు మా స్టూడియో ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు బావ.

"నా ఇజ్జత్ ఏమైందో గదే గావాలె."

బావ కుదరదన్నాడు. లేచి అంగీ జాడించుకుని ఇంకోసారి కుదరదన్నాడు. నేను కెమెరా దగ్గరికి వెళ్లి తిత్తిని అటూ ఇటూ తిప్పి చూశాను.

"బావా, కొత్త తిత్తి మూల ఒకటి ఊడింది. ఇంటికి తీస్కపోయి కుట్టుకొస్త."

ఏ మూలా ఊడలేదని మా ఆయనకు తెలుసు. అయినా నోరెత్తకుండా మరలు విప్పి తిత్తిని నా చేతిలో పెట్టాడు. మా పెళ్లయ్యాక ఆయన చేసిన పెద్ద ఉపన్యాసం అదే. తిత్తి నా సందుకలోకి వెళ్లింది, తాళంచెవి నా కొంగుకు వచ్చింది.

మరునాడు బావే ఇంటికొచ్చాడు. "కుట్టినవా?"

"కుట్టిన. ఆరుతుంది."

"ఎన్నడు ఆరుతది?"

"మొగుడంపల్లి గౌరమ్మ ఫోటోకు కూసున్నంక."

పాత తిత్తితో సాయంత్రం గిరాకీ నడవదని ఆయనకూ తెలుసు, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆయన చాయ్ వద్దన్నాడంటే ఒప్పుకున్నట్టే.

గౌరమ్మ ఫోటో

పెద్ద ఇళ్ల ఆడవాళ్ల ఫోటోలు స్టూడియో అద్దాల్లో పెడుతున్నామని, ఉట్టిదే, పైసా తీసుకోకుండా తీస్తామని గౌరమ్మకు కబురు పంపాం. అందులో అబద్ధమేమీ లేదు. ఉట్టిదే తీశాం. సంత రోజు వచ్చింది. ఒంటి మీద ఉన్న బంగారం చాలక ఇంకెవరిదో కూడా తెచ్చుకున్నట్టుంది. మా ఆయన పాత గొడుగు తిత్తి బిగించి, పడమటి కిటికీ తెర తీసి, పొద్దు వాలేదాకా లెన్సు తుడుస్తూనే ఉన్నాడు.

"ఇంకెంతసేపయ్యా?" అంది గౌరమ్మ.

"వెలుగు మంచిగ రావాలె" అన్నాడు మా ఆయన. నిజమే చెప్పాడు.

ఫోటో తీసి, సంత చేసుకుని రమ్మన్నాం. ఆమె తిరిగి వచ్చేసరికి కాగితం ఇంకా తడిగానే ఉంది. బావ చేయి అలవాటుగా సిరా సీసా వైపు వెళ్లింది. నేను ఆ సీసా తీసి కిటికీలో పెట్టాను. తండ్రితో వచ్చిన సుమిత్ర మూలన బెంచీ మీద కూర్చుని ఉంది. గౌరమ్మ ఆమెను ఫోటోలో చూసిందే కానీ మనిషిగా ఎప్పుడూ చూడలేదు.

గౌరమ్మ ఫోటో చేతిలోకి తీసుకుంది. నగలన్నీ బాగా వచ్చాయి. ఎడమ చెంప మీద తెల్లమచ్చ కూడా బాగా వచ్చింది.

"ఇదేంది?" అంది.

"అయ్యో అత్తమ్మా" అంది బెంచీ మీంచి సుమిత్ర, చాలా మెల్లగా. "మీకు ఎప్పటిసంది ఉంది?"

గౌరమ్మ కొంగుతో చెంప రుద్దుకుంది. అద్దం అడిగింది. అద్దంలో చూసుకుని మళ్లీ ఫోటో చూసింది. నేను పాత తిత్తిని చీకటిగదిలోకి తీసుకెళ్లి, లోపల బల్బు పెట్టి, ఆమెను పిలిచి చూపించాను. గొడుగు గుడ్డలో ఆకాశమంతా కనబడింది. ఆమె చేతిలోని ఫోటోను బోర్లా తిప్పి పట్టుకుంది. తరువాత ఒక్కటే అడిగింది.

"ఈ ఫోటో ఇంకెవరన్న చూసిన్రా?"

ఇంతకాలం ఒక పిల్ల ఫోటోను సంత సంతకూ చూపించిన మనిషికి వచ్చిన మొదటి అనుమానం అది. తప్పు పట్టను. చెంప తనదైనప్పుడు ఎవరికైనా అదే వస్తుంది.

తిరిగిపోయిన సంబంధం కుదిరింది. గౌరమ్మే సంత సంతకూ తిరిగి పిల్లకు ఏ మచ్చా లేదని చెప్పుకోవలసి వచ్చింది, ఎందుకో మాత్రం ఎక్కడా చెప్పలేదు. బావ ఆ తరువాత తిత్తికి రెండు పొరల గుడ్డ వాడడం తానే కనిపెట్టానని చెప్పుకున్నాడు. చెప్పుకోనిచ్చాను. తిత్తిలో వెలుగు దూరకుండా ఉంటే చాలు, ఆయన మాటల్లో గాలి ఎంత దూరినా నాకేం.

గౌరమ్మ ఫోటోను బావ చింపేద్దామని వెతికితే దొరకలేదు. సుమిత్ర ఎప్పుడో సంచిలో వేసుకుంది. గౌరమ్మ అడిగితే, "నా దగ్గర ఉంటది అత్తమ్మా, యాడికి పోదు" అందట.

పెళ్లయిన కొన్నేళ్లకు సుమిత్ర చంటిదాన్ని ఎత్తుకుని ఫోటోకు వచ్చింది. మనిషి ఒళ్లు చేసింది, మొహం నిండుగా ఉంది.

"అత్త ఎట్ల చూసుకుంటుంది బిడ్డా?" అని అడిగాను.

"మంచిగ చూసుకుంటది పెద్దమ్మా. ఎన్నడన్న గొంతు జర పెరిగితే, 'అత్తమ్మా, మీ ఫోటోకు ఫ్రేము కట్టిచ్చి ముందటింట్ల పెడుదమా' అంట."

"అప్పుడేమంటది?"

"ఏమనది. పోయి నాకు చాయ్ పెట్టుకొస్తది."